తోలు చుట్టల మీద తగువు



1381 జూన్ నెలలో ఇంగ్లండ్ రైతులు తిరగబడ్డారు. ఎసెక్స్, కెంట్, సఫోక్, నార్‌ఫోక్ ప్రాంతాల్లో ఊరి తరవాత ఊరు లేచింది. జనం దొర కచేరీ మీద పడి పెట్టెలు పగలగొట్టారు. అందులో ఉన్న తోలు చుట్టలు, అంటే గొర్రెతోలు మీద రాసి చుట్టిపెట్టిన కచేరీ రికార్డులు, బయటికి లాగి ఊరి నడుమ తగలబెట్టారు. ఆనాటి చరిత్రలు చాలావరకు మఠాల్లోని సన్యాసులే రాశారు. వాళ్లకు ఆ మంటల్లో కనిపించింది ఒక్కటే: మోటు జనం, అక్షరానికి శత్రువులు, చట్టానికి శత్రువులు. చాలాకాలం ఆ మాటే చెల్లుబాటయింది.

అయితే అదే వారంలో లండన్ పొలిమేరలోని స్మిత్‌ఫీల్డ్ మైదానంలో ఆ రైతుల నాయకుడు వాట్ టైలర్ పద్నాలుగేళ్ల రాజు రెండో రిచర్డ్ ఎదుట నిలబడి కొన్ని కోరికలు చెప్పాడు. వాటిలో ఒకటి, దేశంలో వించెస్టర్ చట్టం తప్ప మరో చట్టం ఉండకూడదని. ఆ వించెస్టర్ చట్టం ఏదన్నదాని మీద పండితులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. 1285 నాటి శాసనమని కొందరు, డూమ్స్‌డే పుస్తకమని మరికొందరు. ఆ వాదం పక్కన పెడదాం. చట్టమే వద్దనుకున్నవాడు ఫలానా చట్టం కావాలని పేరుపెట్టి అడగడు గదా! వాళ్లు ఏ రికార్డు కాల్చాలో, ఏ రికార్డు చూపమని అడగాలో తెలిసిన మనుషులు. ఆ తెలివి వాళ్లకెక్కడిది? ఈ పూట నేను చెప్పబోయేది అదే.

మధ్యయుగపు రైతు అనగానే మనకు ఒక బొమ్మ కళ్ల ముందుకొస్తుంది: చదువురానివాడు, దొర ఎంత చెబితే అంత, కోర్టు మొహం ఎరగనివాడు. మొదటి రెండు మాటల్లో కొంత నిజముంది. మూడోది మాత్రం శుద్ధ అబద్ధం. పదమూడో శతాబ్దంలో ఒక సగటు ఇంగ్లీషు రైతు కచేరీలో నిలబడ్డన్నిసార్లు ఈనాటి మనం బ్యాంకుకు కూడా వెళ్లం.

ఆ కచేరీ సంగతి ముందు తెలియాలి. భూమి మేనర్లుగా విభజించి ఉండేది. మేనర్ అంటే ఒక దొర ఏలుబడిలోని భూమి, దాన్ని దున్నే మనుషులు, వాళ్ల మీద ఆయనకున్న హక్కులు, అన్నీ కలిపి. ఆ దొర ఒక యోధుడు కావచ్చు, బిషప్పు కావచ్చు, ఒక మఠం కావచ్చు. భూమిలో కొంత దొర సొంత సాగు. మిగిలినది రైతుల చేతిలో ఉండేది. రైతుల్లో కొందరు స్వతంత్రులు. శిస్తు కట్టి తమ దారిన తాము బతికేవాళ్లు. మిగిలినవాళ్లు వెట్టిరైతులు. వారంలో రెండు మూడు రోజులు దొర పొలంలో ఉచితంగా పనిచేయాలి; కోతల కాలంలో ఇంకా ఎక్కువ. కూతురికి పెళ్లి చేయాలంటే దొరకు సుంకం కట్టాలి. ఊరు విడిచి వెళ్లాలంటే ఆయన అనుమతి ఉండాలి. ఇంటి యజమాని చనిపోతే కొట్టంలోని పశువుల్లో మేలైనది దొర తోలుకుపోతాడు. రెండో మేలైనది చాలా చోట్ల చర్చికి పోతుంది. దుఃఖంలో ఉన్న ఇంట్లోంచి ఒకే వారంలో రెండు పశువులు కదిలిపోవడమన్నమాట.

ఈ మేనర్‌కు ఒక కచేరీ. చాలాచోట్ల మూడు వారాలకొకసారి కూడేది. దొర బంగళా హాల్లోనో, చర్చి వసారాలోనో, ఒక్కోచోట ఓక్ చెట్టు కిందనో. దొర తరఫున దివాను అధ్యక్షుడిగా కూర్చునేవాడు, పక్కన లేఖకుడు లాటిన్‌లో రాసుకునేవాడు. రైతులంతా హాజరు కావాలి. రానివాడు మనిషిని పంపి సాకు చెప్పించుకోవాలి, లేదా జరిమానా కట్టాలి. ఇక్కడే మనం తరచు పొరబడే విషయం ఒకటుంది. తీర్పు చెప్పేది దివాను కాదు, ఊరు. కూడిన రైతులో, వాళ్లలోంచి ఎంచిన పన్నెండుమంది జూరీయో “మా ఊరి ఆచారం ఇది” అని చెబితే అదే తీర్పు. దివాను కలగజేసుకోలేదని కాదు, బెదిరించలేదనీ కాదు. కానీ ఆచారం ఏమిటని ఆయన వాళ్లనే అడగాలి. గుర్తున్నంత కాలంగా ఏం జరుగుతూ వచ్చిందో ముసలివాళ్లు లేచి చెప్పేవాళ్లు. ఇది దొర కచేరీయే, దాని జరిమానాలు దొర ఖజానాకే పోతాయి, కానీ దాని జ్ఞాపకం మాత్రం రైతులది.

1240ల నుంచి ఈ కచేరీల రికార్డులు మనకు దొరుకుతున్నాయి. బర్మింగ్‌హామ్ దగ్గరి హేల్సోవెన్‌లో 1270 నుంచి దాదాపు వరుసగా ఉన్నాయి. మెయిట్‌లండ్ అనే మహాపండితుడు 1889లో ఇలాంటి రికార్డులు ఏరి అచ్చువేయించాకే చట్టం చరిత్ర రాసేవాళ్లు రాజుల కోర్టుల నుంచి కాస్త తల తిప్పి ఊళ్ల వైపు చూశారు. ఆ చుట్టలు చదువుతుంటే చట్టం అనే గంభీరమైన మాట గుర్తే రాదు. ఫలానావాడి ఆవు పక్కవాడి బార్లీలో పడింది. ఫలానావాడు దున్నుతూ దున్నుతూ గట్టు జరిపి పొరుగువాడి ఒక చాలు కలుపుకున్నాడు. ఇచ్చిన అప్పు తీర్చలేదు. సంతలో దొంగ అన్నాడు. ఇంటి గోడ కింద దాక్కుని చాటుమాటలు విన్నది ఒకామె, దానికీ జరిమానా. సారా కాదుగానీ ఏల్ అనే బార్లీ బీరు ఇంటింటా కాచేవాళ్లు ఆడవాళ్లే. రుచి చూడటానికి ఊరు ఇద్దరిని నియమించేది. కొలత తక్కువైనా, రుచి చూసేవాళ్లను పిలవకుండా అమ్మినా జరిమానా. చివరికి ఆ జరిమానా ఏటేటా అందరిమీదా పడుతూ పోయి, లైసెన్సు రుసుములా తయారైంది.

నన్ను అన్నిటికన్నా ఆపి నిలబెట్టేవి ముసలివాళ్ల ఒప్పందాలు. తండ్రికి వయసు మీరింది, భూమి కొడుక్కి అప్పగిస్తున్నాడు. ఊరికే అప్పగించడు. కచేరీలో అందరి ముందూ షరతులు చెప్పి రాయిస్తాడు: నాకు ఇంట్లో ఫలానా గది, ఏటా ఇన్ని కొలతల గోధుమలు, ఇన్ని బార్లీ, ఒక జత బట్టలు, పొయ్యి దగ్గర చోటు. కొడుకు తప్పితే భూమి తిరిగి తండ్రిది. ఇలాంటి కాగితం ఒక వెట్టిరైతు రాయించుకున్నాడంటే, రికార్డు విలువ ఏమిటో అతనికి ఎంత బాగా తెలిసి ఉండాలి! కన్నకొడుకు మీద ప్రేమ లేక కాదు, రాతకున్న బలం ప్రేమకు లేదని తెలిసి.

జరిమానాలు చాలావరకు రెండు పెన్నీలు, మూడు పెన్నీలు, ఆరు పెన్నీలు. ఆరోజుల్లో కూలివాడి రోజు కూలి ఒకటి రెండు పెన్నీలని గుర్తుంచుకుంటే అది చిన్న దెబ్బేమీ కాదు, అలాగని ఇల్లు ఆర్పేదీ కాదు. ఎంత వేయాలో తేల్చేది కూడా ఊరివాళ్లే. చాలా చోట్ల పద్దు పక్కన “పేదవాడు గనుక మాఫీ” అని కనిపిస్తుంది. 1215 నాటి మహాశాసనం మాగ్నా కార్టాలోనూ ఒక మాటుంది: వెట్టిరైతు మీద జరిమానా వేసినా అతని సేద్యపు సరంజామా జోలికి పోకూడదని. అది రాజు వేసే జరిమానాల గురించి చెప్పినది. ఆ శాసనంలో వెట్టిరైతుకు దక్కినది దాదాపు అంతే. చట్టప్రకారం తీర్పు లేకుండా ఎవరినీ బంధించరాదు, భూమి లాక్కోరాదు అన్న ప్రసిద్ధమైన క్లాజు మొదలయ్యేదే “ఏ స్వతంత్రుడినీ” అని. అతను ఆ లెక్కలోకి రాడు.

ఇక్కడ కథ చిక్కుపడుతుంది. పన్నెండో శతాబ్దం దాకా స్వతంత్రుడికీ వెట్టివాడికీ మధ్య గీత అంత స్పష్టంగా లేదు. ఊళ్లో అందరూ దున్నేవాళ్లే, అందరికీ ఏవో బాధ్యతలున్నాయి. రెండో హెన్రీ రాజు వచ్చి ఒక గొప్ప పని చేశాడు. 1166లో మొదలుపెట్టి, భూమి అన్యాయంగా పోగొట్టుకున్నవాడు సొంత దొరను కూడా దాటి నేరుగా రాజు కోర్టులో దావా వేసే పద్ధతి పెట్టాడు. పన్నెండుమంది ఇరుగుపొరుగుల సాక్ష్యంతో త్వరగా తేలిపోతుంది. ఇంగ్లీషు న్యాయవ్యవస్థ గొప్పతనం ఇక్కడ మొదలైందని పుస్తకాలు మెచ్చుకుంటాయి, మెచ్చుకోవలసిందే. కానీ ఈ తలుపు స్వతంత్రుడికే తెరిచారు. రైతు దావా వేస్తే దొర ఒకే ఒక్క మాట చెప్పేవాడు: “వీడు నా వెట్టివాడు.” అది రుజువైతే దావా అక్కడితో ఆఖరు. భూమి ఎవరిది, ఎవరు దౌర్జన్యం చేశారు అన్న ప్రశ్నే రాదు. కాబట్టి ఎవరు స్వతంత్రుడో తేల్చాల్సిన అవసరం మొదటిసారి గట్టిగా వచ్చింది, న్యాయమూర్తులు గీత గీసేశారు. స్వేచ్ఛ ఉన్నవాళ్లకు రక్షణ పెరిగిన కొద్దీ లేనివాళ్ల లేమి బిగుసుకుపోయింది.

ఆ గీతకు ఏ వైపు ఉన్నావో ఎలా తేలుస్తారు? కూతురి పెళ్లికి సుంకం కట్టావా? దొర ఇష్టం వచ్చినప్పుడల్లా వేసే పన్ను ఇచ్చావా? అన్నిటికీ మించినది రక్తసంబంధం. దొర ఆ రైతు పినతండ్రినో మేనత్త కొడుకునో కోర్టుకు పట్టుకొస్తాడు. వాళ్లు మేం వెట్టివాళ్లమని ఒప్పుకుంటే ఇతనూ అంతే. సొంత చుట్టాన్ని సాక్షిగా నిలబెట్టి బానిసత్వం రుజువు చేయడం! ఇంకో పక్క చూస్తే, ఈ చట్టంలో వింతలూ ఉన్నాయి. వెట్టివాడు తన దొర మీద తప్ప మిగతా లోకం మీద ఎవరి మీదైనా దావా వేయవచ్చు. దొర అతన్ని చంపినా, అవయవం తీసినా రాజు చట్టం ఊరుకోదు. రాజు చార్టరు, అంటే ముద్ర వేసిన హక్కుపత్రం, ఉన్న పట్టణంలోకి పారిపోయి ఏడాది మీద ఒక రోజు పట్టుబడకుండా గడిపితే స్వతంత్రుడయ్యే వీలుండేది. అలా పారిపోయి బతికిపోయినవాళ్లెందరో.

పారిపోనివాళ్లు ఏం చేశారు? చట్టంలోనే సందు వెతికారు. ఆ సందు పేరు డూమ్స్‌డే పుస్తకం.

1066లో ఇంగ్లండును గెలుచుకున్న విలియం రాజు ఇరవై ఏళ్ల తరవాత, 1086లో, దేశంలో ఏ ఊరు ఎవరిది, ఎన్ని నాగళ్లు, ఎన్ని పందులు మేసేంత అడవి, ఎంత విలువ అని లెక్క రాయించాడు. పన్ను కోసం, పెత్తనం కోసం రాయించిన పుస్తకం. రైతుల మేలు ఆ రాజు కలలో కూడా తలచి ఉండడు. వందేళ్ల పైబడి గడిచాక న్యాయవాదులు ఒక సూత్రం తయారుచేశారు: ఏ మేనర్ అయితే 1066 నాటికి రాజుదని ఆ పుస్తకంలో ఉందో, అది తరవాత ఎవరి చేతికి పోయినా అక్కడి రైతులకు ప్రత్యేక రక్షణ ఉంటుంది. కొత్త దొర వాళ్ల మీద వెట్టి, శిస్తు పెంచకూడదు. పెంచితే రాజు దగ్గర ఫిర్యాదు చేయవచ్చు, దానికొక ప్రత్యేకమైన రిట్ కూడా ఉంది. మన పల్లెల్లో కరణంగారి దస్తరంలో ఏముందో తెలుసుకోవడానికి రైతు ఎన్ని తిప్పలు పడ్డాడో మీకు చెప్పనక్కర్లేదు. అక్కడ ఆ దస్తరం రాజు కోర్టులుండే వెస్ట్‌మినిస్టర్‌లో ఉండేది, లాటిన్‌లో ఉండేది, చూపించడానికీ నకలు తీయడానికీ రుసుము. అయినా ఊళ్లు చందాలు వేసుకున్నాయి, లాయరును పెట్టుకున్నాయి, పుస్తకం తెరిపించాయి.

డెర్బీషైర్‌లోని మికిలోవర్ రైతులు 1280లో బర్టన్ మఠాధిపతి మీద ఇలాగే తగువుకు దిగారు. మఠం వాళ్లు ఊళ్లోని పశువులన్నీ తోలుకుపోయారు. మఠాధిపతి వాదన ఒక్కటే: వీళ్లు వెట్టివాళ్లు, వీళ్ల కడుపు తప్ప వీళ్లకు సొంతమనేదేదీ లేదు, ఉన్నదంతా నాదే, కాబట్టి నేను దోచుకున్నానన్న మాటకు అర్థమే లేదు. చట్టం పుస్తకాల ప్రకారం చూస్తే ఆయన చెప్పింది తప్పు కూడా కాదు! ఊళ్లో ఎవరూ ఆ పుస్తకం ప్రకారం బతకడం లేదు, అంతే. తండ్రి పోతే కొడుక్కి భూమి వస్తోంది, ఆవులు అమ్ముతున్నారు, కొంటున్నారు, కచేరీయే అవన్నీ రాసుకుంటోంది. సిద్ధాంతంలో ఏమీ లేనివాడు, ఆచారంలో అన్నీ ఉన్నవాడు. ఈ రెంటి మధ్య ఇరుకులోనే అతని బతుకంతా నడిచింది.

మికిలోవర్ కన్నా నాకు ఎక్కువ నచ్చే కథ చెషైర్‌లోని డార్న్‌హాల్ అనే ఊరిది. ఆ ఊరూ, పక్కనున్న ఓవర్ గ్రామమూ ఒకప్పుడు చెస్టర్ ప్రభువువి, ఆ తరవాత రాజువి. మొదటి ఎడ్వర్డ్ రాజు అక్కడ వేల్ రాయల్ అనే మఠం కట్టించి ఊళ్లను మఠానికి రాసిచ్చాడు. ఇంగ్లండులో ఆ మఠం సన్యాసుల సంప్రదాయానికి చెందిన చర్చిలన్నిటికన్నా పెద్దది కట్టాలని ఆయన సంకల్పం. పెద్ద గుడి లేవాలంటే ఊళ్ల మీద బరువు పడాలి. మా ధాన్యం మఠం మిల్లులోనే ఎందుకు ఆడించాలి, మేం రాజు కింద ఉన్నప్పుడు ఇవన్నీ లేవు, మేం స్వతంత్రులం అని రైతులు మొదలుపెట్టారు. ఈ కథ మనకు తెలిసింది మఠం సొంత పుస్తకం నుంచే. అంటే రైతుల శత్రువులు రాసుకున్నది. దుష్టులు, పిచ్చికుక్కల్లాంటివాళ్లు అంటూ తిడుతూ తిడుతూనే వాళ్ల పట్టుదల ఎంతటిదో ఆ సన్యాసులు పూస గుచ్చినట్టు రాసిపెట్టారు.

ఒకసారి ఆ రైతులు నాగటి కర్రులు ఊడదీసుకుని వెంట పట్టుకుని రాజు దగ్గరికి బయల్దేరారట. ఇనుము ఖరీదైన కాలం, కర్రు లేని నాగలి కదలదు. మేం లేకపోతే నీ పొలం ఎలా సాగుతుందో చూస్తాం అన్న సవాలు అందులో ఉందని నా ఊహ. మరోసారి తీర్థయాత్ర నెపంతో ఊరు దాటారు. దారిలో నాటింగ్‌హామ్‌లో దొంగలని పట్టుకుని చెరలో పెట్టారు, ఉరి దాకా వెళ్లి డబ్బు కట్టి బయటపడ్డారు. అయినా ఇంటిదారి పట్టలేదు. వెస్ట్‌మినిస్టర్ వెళ్లి పార్లమెంటులో అర్జీ పెట్టుకున్నారు. విండ్సర్ వెళ్లి అప్పటి రాణి ఫిలిప్పాను ఆశ్రయించారు; ఆమె మఠాధిపతికి ఉత్తరం రాసింది. చెషైర్ నుంచి లండన్ దాదాపు 170 మైళ్లు, నడిచి వెళ్లేవాళ్లకు. చదువు రాని మనుషులు న్యాయాధికారి నుంచి రాజుకు, రాజు నుంచి పార్లమెంటుకు, అక్కడి నుంచి రాణికి ఒక్కొక్క గుమ్మమే ఎక్కుతూ పోవడం చూడండి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత వాళ్ల భాషలో లేకపోవచ్చు గానీ, దాని అర్థం అనుభవంలో తెలిసింది. మఠాధిపతి పీటర్ మాత్రం తన చార్టర్లన్నీ మూటగట్టుకుని వెళ్లి రాజుకు చూపించాడు. చార్టరు ముందు అర్జీ నిలవదు గదా. 1336 వేసవిలో ఆయన తిరిగి వస్తుంటే రట్లండ్‌లోని ఎక్స్‌టన్ దగ్గర రైతులు దారి కాచి మీదపడ్డారు. మఠాధిపతి నౌకరు ఒకడు చచ్చిపోయాడు. దాంతో కేసు కాస్తా హత్యగా మారింది, రైతులు ఓడిపోయారు. వెట్టివాళ్లమని ఒట్టు పెట్టుకుని ఒప్పుకోవలసి వచ్చింది. మూడేళ్ల తరవాత మరో ఘర్షణలో పీటర్ కూడా హతుడయ్యాడు.

ఇలాంటి తగువుల్లో రైతులు గెలిచినవి బహు తక్కువ. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడంటారు. వీళ్లకు ఆ రెండో భాగ్యం కూడా దక్కలేదు. అయినా ఆగలేదు. 1377లో దక్షిణ ఇంగ్లండులో, విల్ట్‌షైర్, హాంప్‌షైర్, సర్రే ప్రాంతాల్లో కనీసం 40 ఊళ్లు దాదాపు ఒకేసారి డూమ్స్‌డే పుస్తకం నుంచి నకళ్లు తీయించుకుని, మేం ఇక వెట్టి చేయం అన్నాయి. దొరలకు చెమటలు పట్టాయి. ఆ ఏడు అక్టోబరు పార్లమెంటుకు వాళ్లు పెట్టుకున్న ఫిర్యాదులో మనకు కావలసిన సమాచారమంతా ఉంది: రైతులు జట్టు కట్టారు, ఖర్చులకు ఉమ్మడి నిధి పోగుచేశారు, వాళ్ల వెనక సలహాదారులున్నారు, ఫ్రాన్సులో జరిగినట్టు ఇక్కడా జరుగుతుంది అని. ఫ్రాన్సు అంటే 1358 నాటి రైతు తిరుగుబాటు. ఇంతకీ ఆ 40 ఊళ్లు చేసిన నేరం ప్రభుత్వ రికార్డు నకలు తీయించుకోవడం! ఆ నకళ్లు చెల్లవని పార్లమెంటు తేల్చేసింది.

దీనికి ముందు మహామారి వచ్చి వెళ్లిన సంగతి చెప్పాలి. 1348, 49లలో ప్లేగు దేశంలో మూడో వంతుకు మించి, బహుశా సగం మందిని తీసుకుపోయింది. మనుషులు తగ్గారు గనుక కూలి పెరిగింది. ప్రభుత్వం వెంటనే ఒక ఆజ్ఞ, 1351లో ఒక చట్టం తెచ్చి, కూలి రేట్లు ప్లేగుకు ముందున్నట్టే ఉండాలంది. కోత కూలి ఆగస్టు మొదటి వారం రెండు పెన్నీలు, రెండో వారం మూడు; గడ్డి ఎండబెట్టే పనికి రోజుకు ఒక పెన్నీ. కాదంటే బొండకొయ్య, జైలు. ఇది ఊరి ఆచారం కాదు, రాజు చట్టం. దాన్ని అమలు చేసే న్యాయమూర్తులూ చుట్టుపక్కల దొరలే. ఇన్నాళ్లూ దొర మీద రాజు దగ్గరికి పరిగెత్తినవాడికి ఇప్పుడు రాజు న్యాయస్థానంలో కూర్చున్నదీ దొరే అని కనిపించింది. నా లెక్కలో 1381కి అసలు కారణం తలకొక షిల్లింగు పన్ను కాదు. ఆ పన్ను నిప్పురవ్వ మాత్రమే. పోవడానికి ఉన్న గుమ్మాలన్నీ మూసుకుపోవడం అసలు కారణం.

అందుకే ఆ జూన్‌లో వాళ్ల కోపం ఎవరి మీద పడిందో చూడండి. లండన్‌లో లాయర్ల నివాసమైన టెంపుల్‌లో చొరబడి పుస్తకాలు కాల్చారు. సఫోక్‌లో ప్రధాన న్యాయమూర్తి జాన్ కావెండిష్‌ను పట్టుకుని తల నరికారు. కూలి చట్టం అమలు చేసినవాళ్లలో ఆయన ఒకడు. హత్య హత్యే, దాన్ని నేను కప్పిపుచ్చను. అదే సమయంలో లండన్ శివారులోని మైల్ ఎండ్‌లో వాళ్లు రాజును అడిగింది మాత్రం ఎకరానికి నాలుగు పెన్నీల శిస్తు, వెట్టి రద్దు. ఒట్టి మాట ఇస్తే చాలదన్నారు, ముద్ర వేసిన చార్టర్లు కావాలన్నారు. లేఖకులు కూర్చుని ఊరూరికీ రాసిచ్చారు కూడా. సెయింట్ ఆల్బన్స్‌లో మఠం మీదికి వెళ్లినవాళ్లు తమకు ఆరు వందల ఏళ్లనాడు ఆఫా అనే రాజు ఇచ్చిన చార్టరు ఉందని, అందులో మొదటి అక్షరాలు బంగారంతో, నీలంతో ఉంటాయని, అది తెచ్చి ఇమ్మని పట్టుబట్టారు. అలాంటి చార్టరు ఉన్నట్టు ఆధారమేమీ లేదు. దాని రూపం మాత్రం వాళ్లకు కంఠతా వచ్చు.

అదే మఠంలో ఇంకొకటి జరిగింది. యాభై ఏళ్ల కిందట రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ అనే మఠాధిపతి, గొప్ప ఖగోళ శాస్త్రవేత్త, అద్భుతమైన గడియారం తయారుచేసిన మేధావి, ఊళ్లో అందరి తిరగళ్లూ లాక్కున్నాడు. ఎవరూ ఇంట్లో విసురుకోకూడదు, మఠం మిల్లుకే రావాలి. లాక్కున్న తిరగలి రాళ్లు తన మఠంలో సందర్శకుల గదికి నేలగా పరిపించాడు. 1381లో జనం ఆ నేల తవ్వి, రాళ్లు బయటికి తీసి ముక్కలు చేసి, చర్చిలో ప్రసాదం రొట్టె పంచుకున్నట్టు తలొక ముక్కా పంచుకున్నారు.

తరవాత తెలిసిందే. వాట్ టైలర్‌ను చంపారు. జూలై 2న రాజు తానిచ్చిన చార్టర్లన్నీ రద్దు చేశాడు. నవంబరు పార్లమెంటులో, వెట్టి తీసేద్దామా అని అడిగితే ప్రభువులూ, సామాన్యుల సభవాళ్లూ ఒక్క గొంతుతో వద్దన్నారు. రికార్డులు తగలబడ్డ మేనర్లలో రైతులను పిలిపించి, మీ భూమి మీదేనని ఇప్పుడు రుజువేది, మళ్లీ రుసుము కట్టి తీసుకోండి అన్నారు. కాల్చినందుకు ఇదొక దెబ్బ. ఆ చుట్టల్లో తమ మీది వెట్టి ఒక్కటే కాదు, తమ భూమి కూడా రాసి ఉందని అప్పుడు గట్టిగా తెలిసొచ్చి ఉంటుంది.

ఇక్కణ్నుంచి కథ నెమ్మదిగా, చడీచప్పుడు లేకుండా మలుపు తిరిగింది. మనుషులు తక్కువ, భూమి ఎక్కువ. వెట్టి గట్టిగా అడిగితే రైతు రాత్రికి రాత్రి పక్క మేనర్‌కు పోతాడు, అక్కడి దొర ఏ ఊరివాడివని అడక్కుండా భూమి ఇస్తాడు. పోకుండా ఉంచుకోవాలంటే షరతులు సడలించాలి. పదిహేనో శతాబ్దంలో దొరలు వెట్టిని డబ్బు శిస్తుగా మార్చుకుంటూ పోయారు. రైతు భూమి తీసుకున్నప్పుడు కచేరీ చుట్టలో రాసిన ఆ నాలుగు పంక్తులు ఒక చిన్న తోలుముక్క మీద నకలు తీసి అతని చేతికివ్వడం వాడుకైంది. ఆ నకలే అతని హక్కు పత్రం. అలాంటి భూమికి కాపీహోల్డ్ అని పేరొచ్చింది. వెట్టిరైతు మనవడు కాపీహోల్డర్ అయ్యాడు. 1467లో డాన్బీ, 1481లో బ్రయాన్ అనే ప్రధాన న్యాయమూర్తులు, ఆచారం ప్రకారం బాధ్యతలు నెరవేరుస్తున్న కాపీహోల్డర్‌ను దొర అన్యాయంగా వెళ్లగొడితే రైతు ఆ దొర మీదే దావా వేయవచ్చని అన్నారు. మూడు వందల ఏళ్లు మూసి ఉన్న తలుపు అది. కాపీహోల్డ్ అనే హక్కు 1926 జనవరి 1 దాకా బతికింది; ఆ రోజున 1922 నాటి చట్టం అమల్లోకి వచ్చి దాన్ని రద్దు చేసింది.

వెట్టిని మాత్రం ఇంగ్లండులో ఏ చట్టమూ ఏనాడూ రద్దు చేయలేదు. 1549లో నార్‌ఫోక్‌లో రాబర్ట్ కెట్ నడిపిన తిరుగుబాటు కోరికల్లో ఇంకా వెట్టివాళ్లందరికీ విముక్తి కావాలన్న మాట ఉంది. అంటే అప్పటికీ కొందరు మిగిలారు. చివరి కేసు 1618లో, పిగ్ అనే అతను కేలీ అనే అతని మీద వేసినది. నా గుర్రాన్ని తీసుకుపోయాడని దావా. ఇతను నా వెట్టివాడు అన్నది జవాబు. రెండో హెన్రీ నాటి ఆ పాత మాట రాజు కోర్టులో మరోసారి పలికింది, ఈసారి చెల్లలేదు.

నూట యాభై ఏళ్లు గడిచాక ఆ కేసు పేరు మళ్లీ వినిపించింది. జేమ్స్ సోమర్‌సెట్ అనే ఆఫ్రికా మనిషిని యజమాని అమెరికా వలసల్లో కొని ఇంగ్లండు తెచ్చాడు. అతను తప్పించుకుంటే పట్టుకుని, జమైకాలో అమ్మడానికి ఓడలో గొలుసులు వేసి ఉంచాడు. 1772లో అతని తరఫున వాదించిన హార్‌గ్రేవ్ అనే యువ న్యాయవాది పాత వెట్టిరైతుల తగువులన్నీ తవ్వి తీశాడు. ఇంగ్లండు చట్టం ఎరిగిన దాస్యం ఒక్కటే, అది వెట్టి. దాన్ని రుజువు చేయడానికి వంశపారంపర్యంగా చుట్టాల సాక్ష్యం కావాలి, ఇంకా సవాలక్ష షరతులున్నాయి. అది ఎప్పుడో చచ్చిపోయింది, కొత్త దాస్యానికి ఈ చట్టంలో చోటు లేదు అన్నది అతని వాదన. న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ అంత దూరం పోలేదు. బానిసత్వం మొత్తం చెల్లదని అనలేదు. ఒక మనిషిని బలవంతంగా ఓడ ఎక్కించి దేశం దాటించే హక్కు మాత్రం ఏ యజమానికీ లేదని చెప్పి, జూన్ 22న సోమర్‌సెట్‌ను విడుదల చేశాడు.